రాత్రి పదిన్నరకు ఆకలి, తెల్లారి ఐదింటికి బెల్లు: జూనియర్ కళాశాలల యాజమాన్యాలకు, అధికారులకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు నగరాల్లోనూ చుట్టుపక్కలా రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలు నడుపుతున్న యాజమాన్యాలకు, ఇంటర్మీడియట్ విద్యామండలి అధికారులకు, ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు జిల్లాల ఆహార భద్రతాధికారులకు,

నమస్కారం.

నేను విజయవాడలో ఏళ్ల తరబడి బైపీసీ పిల్లలకు జువాలజీ చెబుతున్నాను. మా అమ్మాయి ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. పిల్లల్ని క్లాసులో నిలబడి చూస్తాను, విజిటింగ్ రోజున గేటు బయట నిలబడీ చూస్తాను. వందల మందికి మూడు పూటలా వండి పెట్టడం చిన్న పని కాదని నాకు తెలుసు. అయినా పిల్లల రాత్రి ఆకలి గురించి, చాలని నిద్ర గురించి ఈ ఉత్తరం రాయక తప్పలేదు. ఇవే మాటలు మేం కొందరు తల్లిదండ్రులం ముందు కాలేజీలో నోటితో చెప్పాం, తర్వాత కాగితం మీద రాసి ఇచ్చాం, ఆపైన సంబంధిత కార్యాలయంలో అర్జీ పెట్టాం. కాలేజీలో "ఇంటి దగ్గరే చిరుతిళ్లు అలవాటు చేసి పంపిస్తే మేమేం చేస్తామమ్మా" అన్నారు. కార్యాలయంలో రసీదు ఇచ్చారు. తర్వాత ఎవరూ పలకలేదు.

మేం చెప్పదలచింది ఒకటే. రాత్రి పదిన్నరకు చిప్స్ ప్యాకెట్ చింపే పిల్లకు చెడ్డ అలవాటుందని మీరంటున్నారు. ఆ ప్యాకెట్ చింపిస్తున్నది మీ టైంటేబుల్ అని మేమంటున్నాం. తినే వేళ, పడుకునే వేళ, లేచే వేళ మూడూ మీరే నిర్ణయిస్తున్నప్పుడు, వాటి ఫలితం మాత్రం పిల్లల మీద వేయడం న్యాయం కాదు.

కాలేజీకీ కాలేజీకీ అరగంట తేడా ఉండొచ్చు గానీ మన రెండు ఊళ్లలో హాస్టల్ రోజు దాదాపు ఇలాగే ఉంటోంది. ఐదింటికి బెల్లు. ఐదున్నరకు స్టడీ. ఎనిమిదింటికి టిఫిన్, గబగబా నాలుగు ముక్కలు మింగి క్లాసుకి పరుగు. పన్నెండున్నరకు భోజనం. సాయంత్రం ఒక టీ, రెండు బిస్కెట్లు. రాత్రి భోజనం ఏడింటికే, ఎందుకంటే మెస్‌లో వాళ్లు గిన్నెలు కడుక్కుని ఇళ్లకు వెళ్లాలి. ఆ తర్వాత పదిన్నర, పదకొండు దాకా మళ్లీ స్టడీ. పిల్లలు కునికిపాట్లు పడకుండా తొమ్మిదిన్నరకు ఇంకో టీ కాలేజీ వాళ్లే పోయించే చోట్లూ ఉన్నాయి.

రాత్రి ఏడింటి అన్నానికీ మర్నాడు ఎనిమిదింటి ఇడ్లీకీ మధ్య పదమూడు గంటలు. అందులో రాత్రిపూటే దాదాపు నాలుగు గంటలు మెలకువతో, పుస్తకం ముందు. ఎదిగే ఒంటికి ఆ వేళ ఆకలి వేయకపోతే ఆలోచించాలి గానీ వేస్తే తప్పేముంది? ఆ ఆకలికి అక్కడ దొరికేదల్లా ఆదివారం నాడు ట్రంకుపెట్టెలో దాచుకున్న మిక్చరు, చిప్స్, క్రీమ్ బిస్కెట్లు, వేడినీళ్లలో నానబెట్టుకునే నూడుల్స్, క్యాంటీన్‌లో కొన్న కూల్‌డ్రింకు. ఇంటి నుంచి వచ్చిపోయే పిల్లల పరిస్థితీ ఇంతే. తొమ్మిదింటికి కోచింగ్ వదిలాక విజయవాడ బెంజ్ సర్కిల్ పక్క సందుల్లోనో, గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్ల మీదనో ఫాస్ట్‌ఫుడ్ బండి చుట్టూ మూగుతారు. మంచూరియా, ఎగ్ నూడుల్స్, పైన ఒక ఎనర్జీ డ్రింకు. ఇంటికి చేరి పడుకునేసరికి పదకొండు దాటుతుంది.

పిల్లలు క్లాసులో నిద్రకు తూగుతున్నారంటే, "ఇదంతా ఫోన్ల వల్ల, తిండి వల్ల కాదు" అని మాకు చెప్పారు. ఫోన్ నిద్ర చెడగొడుతుంది, నిజమే. కానీ మీ హాస్టళ్లలో ఫోన్లు లేవు కదా. గేటు దగ్గరే తీసి పెట్టుకుంటున్నారు. ఫోన్ లేని హాస్టల్లో కూడా పిల్లలు రెండో పీరియడ్‌కే బల్ల మీద తల వాలుస్తున్నారంటే కారణం వేరే చోట వెతకాలి.

13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పదకొండింటికి పడుకుని ఐదింటికి లేచే పిల్లకు దక్కేది ఆరు గంటలు, అదీ తల వాల్చగానే నిద్ర పడితే. పోనీ తొమ్మిదింటికే పడుకోబెడదామన్నా ఈ వయసులో ఒళ్లు మాట వినదు. యుక్తవయసు మొదలయ్యాక నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. చిన్నప్పుడు ఎనిమిదిన్నరకే తూగిన పిల్లకు ఇప్పుడు పది దాటితే గాని కన్ను బరువెక్కదు, పొద్దున ఆ మేరకు ఆలస్యంగా గాని మెలకువ రాదు. ఇది తెలిసే అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ 2014లో హైస్కూళ్లు 8:30కి ముందు మొదలుపెట్టవద్దని సిఫారసు చేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టమే చేసి 2022 నుంచి అమలు చేస్తోంది. మనం ఆ వేళకు పిల్లల చేత రెండున్నర గంటల స్టడీ పూర్తిచేయిస్తున్నాం.

నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2004లో ప్రచురించిన పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. రాత్రికి పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్ల మనసు ఎక్కువగా లాగింది తీపి మీదకీ ఉప్పటి చిరుతిళ్ల మీదకీ. సిన్సినాటిలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల మీద చేసి 2013లో వెలువరించిన పరిశోధన మనకు ఇంకా దగ్గరిది. రాత్రికి ఆరున్నర గంటలే పడక మీద ఉండనిచ్చినప్పుడు ఆ పిల్లలు, పది గంటలు ఉండనిచ్చినప్పటి కంటే తీపి పదార్థాలు ఎక్కువ తిన్నారు. ఆరున్నర గంటలు! అక్కడ ప్రయోగం కోసం తగ్గించిన నిద్ర కూడా మన పిల్లలకు మామూలు రోజున దొరకడం లేదు.

తిరిగి ఆ తిండి నిద్రను చెడగొడుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో 26 మందిని పరిశీలించి 2016లో వెలువరించిన ఫలితాల్లో, కొలిచి పెట్టిన భోజనం తిన్న రాత్రి సగటున 17 నిమిషాల్లో నిద్రపోయిన వాళ్లకు, తమకు నచ్చింది తిన్న రోజు 29 నిమిషాలు పట్టింది. కొవ్వు ఎక్కువైతే గాఢనిద్ర తగ్గింది, చక్కెర ఎక్కువైతే మధ్యలో మెలకువలు పెరిగాయి. వాళ్లు పెద్దవాళ్లు, నిజమే. కానీ నూనెలో వేగినది తిని వెంటనే వెల్లకిలా పడుకుంటే పులితేన్పులు, గుండెల్లో మంట రావడానికి వయసుతో పని లేదు. జీర్ణాశయం ఖాళీ కావడానికి కొవ్వు పదార్థం ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఇది నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పే పాఠమే.

కెఫీన్ గురించి కాస్త లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు. మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్ర తెప్పిస్తుంది. కెఫీన్ ఆ అడినోసిన్ కూర్చోవలసిన చోట తాను కూర్చుంటుంది. అలసట పోదు, అలసట తెలియడం ఆగిపోతుంది. మన దేశంలో కెఫీన్ పానీయాలకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టిన గరిష్ఠ పరిమితి లీటరుకు 300 మిల్లీగ్రాములు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాలో 75 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. పడుకునే ముందు కిలో బరువుకు 1.4 మిల్లీగ్రాముల కెఫీన్ పడినా నిద్ర పట్టడం ఆలస్యం కావచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. యాభై కిలోల పిల్లకు అది 70 మిల్లీగ్రాములు, అంటే ఒక్క సీసాతో దాటిపోతుంది. అందులో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగితే, మీ బెల్లు మోగడానికి రెండు గంటల ముందు కూడా సగం ఇంకా రక్తంలోనే ఉంటుంది. ఇలాంటి సీసా మీద పిల్లలకు తగదని రాసి ఉండాలని నిబంధన. రాసే ఉంటుంది, చదవడానికి భూతద్దం కావాలి. 20 రూపాయలకు దొరుకుతుంది గనక ఎవరూ చదవరు.

దీనివల్ల పిల్లలకు, ఇళ్లలో వాళ్లకు ఏం జరుగుతోందో చెబుతాను.

1. ముందు చదువే పోతోంది. పగలు చదివినది గుర్తుండేలా మెదడు సర్దుకునేది నిద్రలోనే. గాఢనిద్ర, కలలొచ్చే నిద్ర రెండూ అందుకు అవసరం. తెల్లవారుజామున వచ్చే నిద్రలో కలల భాగం ఎక్కువ, మీ ఐదింటి బెల్లు సరిగ్గా దాన్నే కోసేస్తోంది. రాత్రి పది నుంచి పదకొండు దాకా బలవంతాన చదివించిన గంట లాభమని మీరు లెక్క వేసుకుంటున్నారు. మర్నాడు క్లాసులో కళ్లు తెరిచి ఉండీ ఏమీ ఎక్కని గంటలను ఏ రిజిస్టర్‌లోనూ రాయడం లేదు. నేను పాఠం చెబుతూ ఆ కళ్లను రోజూ చూస్తున్నాను.

2. రాత్రి పదిన్నరకు తిన్నవాళ్లకు పొద్దున ఎనిమిదింటికి ఆకలి ఉండదు. టిఫిన్ వదిలేస్తారు, లేదా ఒక ఇడ్లీ కొరికి లేస్తారు. పదకొండింటికి ప్రాణం లాగేస్తుంది. ఇంటర్వెల్‌లో ఎగ్ పఫ్, కూల్‌డ్రింకు. పన్నెండున్నరకు అన్నం సయించదు. ఇక సాయంత్రం నుంచి మళ్లీ అదే వరస. ఒక 250 మిల్లీలీటర్ల కోలాలోనే 25 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజు మొత్తానికి అంతకంటే ఎక్కువ వద్దంటున్నాయి.

3. ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు, అందులో ఈ వయసు పిల్లలకు కూడా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. టీ ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. అన్నం సరిగా తినక, చిప్స్‌తో కడుపు నింపుకుని, రెండు పూటలా టీ తాగే పిల్లకు రక్తం ఎక్కడి నుంచి వస్తుంది? ఇనుము తగ్గిన కొందరికి రాత్రిళ్లు కాళ్లు లాగుతూ, కదపకుండా ఉండలేనట్టు అవుతుంది. "కాళ్లు పీకుతున్నాయి మేడం, నిద్ర పట్టడం లేదు" అని పిల్లలు నాతో అంటారు. వార్డెన్‌తో అంటే నొప్పి మాత్ర ఇస్తారు. రక్త పరీక్ష చేయించాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

4. తల్లిదండ్రులు తిండికి రెండుసార్లు డబ్బు కడుతున్నారు. పల్నాడు నుంచీ ప్రకాశం నుంచీ పిల్లల్ని ఇక్కడ చేర్పించే వాళ్లలో మిరప, పొగాకు రైతులున్నారు, కౌలు రైతులున్నారు, కూలీలున్నారు. యార్డులో మిర్చికి వచ్చిన ధరను బట్టి ఫీజు వాయిదా కట్టేవాళ్లు. హాస్టల్ ఫీజులో మెస్ ఖర్చు కలిపే కడతారు. ఆపైన "ఆకలేస్తోంది నాన్నా" అంటే చేతిలో వంద, రెండొందలు పెట్టి వస్తారు. ఆ డబ్బు మీ క్యాంటీన్‌లోకే వస్తుంది. ఆకలి పుట్టించే టైంటేబుల్ పెట్టి, ఆ ఆకలికి సరుకు అమ్మడం ఎవరు చేసినా అది వ్యాపారమే అవుతుంది, విద్యాసంస్థ అనిపించుకోదు.

5. నిద్ర చాలని మనసు చిన్న మాటకే కుంగుతుంది. వీకెండ్ టెస్టులో నాలుగు మార్కులు తగ్గినా ఏడుపు, రూంమేట్‌తో గొడవ, ఇంటికి ఫోన్ చేసి మాట్లాడకుండా నిలబడటం. హాస్టళ్ల నుంచి వచ్చే చావు కబుర్లు మనందరం వింటున్నవే. వాటికి చిరుతిండి కారణమని నేననను, అనకూడదు కూడా. కానీ విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో విద్యాసంస్థలన్నిటికీ విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. నిద్ర, తిండి సరిచేయకుండా కౌన్సెలర్‌ను నియమించి ఫైలు మూసేస్తే ఆ తీర్పును పాటించినట్టు అవుతుందా?

ఇవీ మా డిమాండ్లు. ఎవరు చేయగలిగినవి వాళ్ల పేరు పెట్టే రాస్తున్నాను.

1. కాలేజీలు: రాత్రి పదింటికి స్టడీ ముగించి లైట్లు తీసేయాలి, పొద్దున ఆరున్నరకు ముందు బెల్లు కొట్టకూడదు. పరీక్షల నెలలో కూడా ఇదే, ఆ నెలలో మరీ ముఖ్యంగా. కోచింగ్ రోజుకు ఐదు గంటలు మించరాదని, మరీ పెందలాడే గానీ మరీ రాత్రిపూట గానీ పెట్టరాదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల్లో ఉంది. కోచింగ్ సెంటర్‌కు వద్దన్నది కాలేజీ ఆవరణలో జరిగితే మంచిదెలా అవుతుంది?

2. కాలేజీలే: సాయంత్రం ఐదున్నరకు కడుపు నిండే టిఫిన్ పెట్టండి. సెనగ గుగ్గిళ్లు, ఉడకబెట్టిన వేరుసెనగకాయలు, పెసరట్టు, మొక్కజొన్న పొత్తు, ఏ కాలంలో దొరికే పండు ఆ కాలంలో. రాత్రి భోజనం ఎనిమిదింటికి మార్చండి, మెస్ సిబ్బందికి షిఫ్టులు వేయండి. తొమ్మిదిన్నరకు ఇంకా ఆకలిగా ఉన్న పిల్లలకు గ్లాసు పాలో మజ్జిగో ఒక అరటిపండో ఇవ్వండి. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ కాలేజీ తరఫున ఇవ్వడం మానేయండి. ఖర్చవుతుందంటారేమో. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు రాగిజావ, వేరుసెనగ చిక్కీ, గుడ్డు ఇస్తున్నారు. 2025 జనవరిలో మన పాయకాపురం ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనే మొదలుపెట్టి ఇంటర్ పిల్లలకు కూడా మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. ఫీజు తీసుకోని చోట పెట్టగలిగినది ఫీజు తీసుకునే చోట పెట్టలేమంటే మేం ఒప్పుకోం.

3. ఆహార భద్రతాధికారులు: కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న పదార్థాలను బడి క్యాంటీన్‌లో, హాస్టల్ మెస్‌లో, గేటుకు 50 మీటర్ల లోపల పిల్లలకు అమ్మరాదని 2020లో వచ్చిన ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు చెబుతున్నాయి. మా రెండు ఊళ్ల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల క్యాంటీన్లలో ఈ కోణంలో తనిఖీ చేసి, దొరికినది ఏమిటో జనానికి తెలిసేలా ప్రకటించండి. ఇంటర్ పిల్లలు బడి పిల్లలు కారన్న వాదన ఎవరైనా తెస్తే వినవద్దు, పదహారేళ్ల పిల్ల పిల్లే. అన్నిటికంటే ముందు, పిల్లలకు తగదని సీసా మీదే రాసి ఉన్న కెఫీన్ పానీయాలను ఆ క్యాంటీన్ల నుంచి ఈ వారంలో తీయించండి. దీనికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు.

4. నగరపాలక సంస్థలు: ఈ ఉత్తరం చూసి బండ్ల వాళ్ల మీద పడవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. బజ్జీల మూకుడు ముందు నిలబడిన మనిషి కూడా ఎవరో ఒక విద్యార్థికి తండ్రే. 50 మీటర్ల నిబంధన చెప్పి, పక్కన చోటు చూపించి, గుగ్గిళ్లు, పొత్తులు, పండ్లు అమ్మేవాళ్లకు కాలేజీ గేటుకు దగ్గరగా స్థలం ఇవ్వండి.

5. ఇంటర్మీడియట్ విద్యామండలి: భోజనం, స్టడీ, నిద్ర వేళలను ప్రతి రెసిడెన్షియల్ కాలేజీ గేటు దగ్గర తెలుగులో రాసి పెట్టించండి. అనుబంధ గుర్తింపు తనిఖీల్లో ల్యాబ్‌లు, గదుల కొలతలతో పాటు ఈ వేళలనూ చూడండి. చెప్పి వెళ్లే తనిఖీలో అన్నీ బాగానే ఉంటాయి. చెప్పకుండా, రాత్రి పదిన్నరకు వెళ్లాలి.

6. తోటి తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ఆదివారం సంచిలో మనం మోసుకెళ్లే సరుకులో చిప్స్, కూల్‌డ్రింకు సీసాలు తగ్గించి వేయించిన వేరుసెనగపప్పు, నువ్వుండలు, జామకాయలు పెడదాం. పిల్లను చూసిన సంతోషంలో ఏది అడిగితే అది కొనిపెట్టాలనిపిస్తుంది. ఆ సంచి వారమంతా రాత్రి పదిన్నరకే తెరుచుకుంటుందని గుర్తుంటే చాలు.

ఈ ఉత్తరానికి కాలేజీల నుంచీ అధికారుల నుంచీ నెల రోజుల్లోపు రాతపూర్వకంగా సమాధానం కావాలి. ఏ డిమాండ్ ఒప్పుకుంటున్నారో, ఏది ఎందుకు కుదరదో అందులో ఉండాలి. ఈలోగా సమావేశం పెడితే మేం వస్తాం. ఆ సమావేశం ఏదైనా హాస్టల్లోనే, రాత్రి తొమ్మిదిన్నరకు, పిల్లలను కూడా కూర్చోబెట్టి పెట్టమని కోరుతున్నాం. ఆ వేళకు వాళ్ల ఆకలి సంగతి వాళ్లనే అడగవచ్చు.

ఇట్లు,
ఒక జువాలజీ అధ్యాపకురాలు, ఇంటర్ విద్యార్థిని తల్లి
విజయవాడ